నాలుగు ఛాయల తెర, నలుగురెరుగని ఆటలు



తెలుగు పండితుడన్నవాడు ప్రబంధాల గురించో, ఛందస్సు గురించో, మరీ తోచకపోతే వ్యాకరణం గురించో రాయాలి గాని, అరచేతిలో ఇమిడే జపాను ఆటపెట్టె గురించి రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పదవీ విరమణ చేసినవాడికి కాలం చేతినిండా ఉంటుంది. ఆ చేతిలో ఏముండాలో శాసించే ప్రధానోపాధ్యాయుడు ఉండడు. అదొక సౌకర్యం.

అయినా ఇది ఆటల ప్రశస్తి కోసం రాస్తున్నది కాదు. మంచి కృతి ఎందుకు మరుగున పడుతుందన్న పాత ప్రశ్న ఒకటి నన్ను చాలాకాలంగా వదలకుండా ఉంది. మన సాహిత్యంలో ఆ ప్రశ్న వేసుకుంటే జవాబులు శతాబ్దాల చీకటిలో ఉంటాయి. చెదపురుగు తినేసిందా, పోషించే ప్రభువు పోయాడా, ప్రతి రాసుకునేవాడు దొరకలేదా... ఊహించుకోవలసిందే. ఈ ఆటపెట్టె విషయంలో అలా కాదు. అంతా కొద్ది దశాబ్దాల వ్యవహారం. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు పక్కన పడింది అన్నవి చాలావరకు తెలుసు. కనుక విస్మృతిని అధ్యయనం చేయదలచినవాడికి ఇంతకంటె అనువైన భాండాగారం దొరకదు.

ముందు యంత్రం సంగతి చెబుతాను. నింటెండో సంస్థ 1989 ఏప్రిల్ 21న జపానులో గేమ్ బాయ్‌ని విడుదల చేసింది. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు గున్‌పెయ్ యొకోయ్. ఆ సంస్థ పేకముక్కలు తయారుచేసే రోజుల్లో, 1965లో, అక్కడి యంత్రాల బాగోగులు చూసే ఉద్యోగిగా చేరినవాడు. వాడకంలో పాతబడి, చవకై, గుణదోషాలన్నీ తేలిపోయిన సాంకేతికతను తీసుకొని ఎవరూ తలచని కొత్త పనికి మళ్ళించడం ఆయన సిద్ధాంతం. అందుకే గేమ్ బాయ్ తెరకు రంగుల్లేవు, వెనక దీపం లేదు. పసరురంగు నేపథ్యం మీద నాలుగే నాలుగు ఛాయలు. అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144. అదే కాలంలో వచ్చిన అటారీ లింక్స్, మరుసటి ఏడు వచ్చిన సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో, లోపలి దీపాలతో తళతళలాడాయి. కాని ఆరేసి బ్యాటరీలను కొద్ది గంటల్లో హరాయించుకునేవి. ఈ నిరాడంబరుడు నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా పనిచేసేవాడు. చివరికి గెలిచినవాడూ ఇతడే. తరువాత వచ్చిన రంగుల రూపంతో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

ఈ తెర నిర్మాణం నాకు ఛందస్సును గుర్తుకు తెచ్చింది. బొమ్మనంతటినీ ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా విభజించుకుంటారు. అలా లెక్కిస్తే అడ్డంగా ఇరవై గళ్ళు, నిలువుగా పద్దెనిమిది. కొండైనా కోటైనా ఆ గళ్ళలోనే ఇమడాలి. అక్షరమైనా అంతే. జపాను వారు తమ చిత్రలిపిని చాలావరకు పక్కనపెట్టి, సరళమైన కన అక్షరాలతో సరిపెట్టుకున్నారు. మన 'క్ష్మ'నో 'స్త్ర్య'నో తలకట్టుతోనూ వత్తులతోనూ ఎనిమిది చుక్కల ఎత్తులో నిలబెట్టమంటే బ్రహ్మకైనా తలనొప్పే! ఇంకొక లెక్క చెబితే అక్షరప్రియులైన మీరు నవ్వుకుంటారు. ఈ పెట్టె మీద వచ్చిన టెట్రిస్ ఆట సమస్తం 32 కిలోబైట్లలో ఇమిడింది. యూనికోడులో, మనం సాధారణంగా వాడే పద్ధతిలో, ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి. అంటే మీరు చదువుతున్న ఈ వ్యాసం టెట్రిస్ కన్నా బరువైనది. విలువ మాట వేరు.

ఆ పెట్టెకు వెయ్యికి పైగా ఆటలు వచ్చాయి. లోకానికి గుర్తున్నవి టెట్రిస్, మారియో, 1996లో మొదలైన పోకెమాన్, మరికొన్ని. మిగిలినవన్నీ ఒక మహారణ్యం.

ఆ అరణ్యంలోకి నేను వెళ్ళిన దారి చిన్నదే. మావాడి చిన్నతనంలో, 1990లలో, మన ఊళ్ళలో అసలు గేమ్ బాయ్ కనబడేది కాదు. తిరునాళ్ళలో, బస్టాండు దగ్గర అంగళ్ళలో ఇటుకల ఆట దొరికేది. వేల ఆటలున్నాయని పైన అచ్చువేసి, లోపల పదో పన్నెండో ఆటలను వేగం మార్చి చూపించే పెట్టె. మావాడు దానితోనే తృప్తిపడ్డాడు. అమెరికా వెళ్ళి స్థిరపడ్డాక, చిన్నప్పుడు దొరకనిదాన్ని పెద్దయ్యాక కొనుక్కునే మనుష్యస్వభావం కొద్దీ, ఒక పాత సామాన్ల దుకాణంలో గేమ్ బాయ్ కొన్నాడు. నేనూ మా శ్రీమతీ అక్కడ గడిపిన ఒక శీతకాలంలో అది నా చేతికీ, పన్నెండేళ్ళ మా మనుమడి చేతికీ వచ్చింది. బయట మంచు, లోపల తాతా మనుమడూ. వాడికి తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. చదవడం, రాయడం రావు. ఎవరూ చెప్పుకోని ఆటలను వెదికి తీయడం వాడికి సరదా. నాకు అది వృత్తిధర్మంలా తోచింది.

మేము చూసినవాటిలో అయిదింటిని చెబుతాను. అయిదూ మరుగున పడ్డాయి. కారణాలు మాత్రం అయిదు రకాలు.

మొదటిది 'ఎక్స్'. ఒంటి అక్షరం పేరు. 1992లో జపానులో వచ్చింది. బ్రిటన్‌కు చెందిన ఆర్గొనాట్ సంస్థ నుంచి వెళ్ళిన యువకుడు డిలన్ కత్‌బర్ట్ దీని నిర్మాణంలో ముఖ్యుడు. సన్నని గీతలతో త్రిమితీయ లోకాన్ని ఈ బుల్లితెర మీద కట్టి చూపించారు. మైదానం మన వైపుకు కదిలివస్తుంది; శకటంలో కూర్చొని దానిమీద సాగిపోతాము. కూడికలు తీసివేతలతోనే సతమతమయ్యే ప్రాసెసరు చేత అంత లెక్క చేయించడం సామాన్య విషయం కాదు. ఈ పరిచయమే దారితీసి, 1993లో నింటెండో పెద్ద యంత్రం మీద స్టార్ ఫాక్స్ అన్న ఆటగా ప్రపంచప్రసిద్ధి పొందింది. బిడ్డను లోకమంతా ఎత్తుకుంది; తల్లి జపాను ఎల్లలు దాటలేదు. ఇక్కడ మరుగుకు కారణం వర్తకుడి నిర్ణయం.

రెండవది 'కయెరు నొ తమె ని కనె వ నరు'. 'కప్ప కోసం గంట మోగుతుంది' అని స్థూలంగా అర్థం. ఇదీ 1992లోనే, ఇదీ జపానులోనే. హెమింగ్వే నవల పేరు మీద విసిరిన చతురోక్తి ఇది. జపాను భాషలో 'కయెరు' అనే శబ్దానికి కప్ప అనీ, తిరిగి వెళ్ళడమనీ, మార్చడమనీ అర్థాలున్నాయట. కథలో రాజకుమారుడు కప్పగా మారతాడు, మళ్ళీ మనిషవుతాడు, పాము రూపం కూడా ఎత్తుతాడు. శ్లేషకు ఇంతకంటె చోటెక్కడ? కప్పగా ఉన్నప్పుడు ఎత్తుకు ఎగరగలడు, ఈదగలడు; పాముగా ఉన్నప్పుడు ఇరుకు సందుల్లో దూరగలడు. రాజ్యాల పేర్లూ రాకుమారి పేరూ మిఠాయిల పేర్లే. పోరాటాలలో ఆటగాడి చేతివాటానికి దాదాపు పని లేదు. కథానాయకుడి బలమూ శత్రువు బలమూ లెక్కకట్టి యంత్రమే ఫలితం తేల్చేస్తుంది. ఎవరిని ఎప్పుడు ఎదిరించాలో తెలుసుకోవడమే నేర్పు. నీతిశాస్త్రం చదువుకున్నవాడికి ఇది కొత్త కాదు.

ఈ ఆటలో నాయకుడికి పోటీగా రిచర్డ్ అనే మరో రాజకుమారుడు ఉంటాడు. 1993లో వచ్చిన సుప్రసిద్ధమైన జెల్డా ఆటలో, 'లింక్స్ అవేకనింగ్'లో, కప్పలున్న ఒక భవనంలో ఇతడే తారసపడతాడు. జపాను పిల్లలు చూసి నవ్వుకొని ఉంటారు. మిగిలిన ప్రపంచానికి ఆయన ఎవరో, కప్పలెందుకో బోధపడే వీలు లేదు. దీన్ని చూసినప్పుడు నాకు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు సంకలించిన ప్రబంధరత్నావళి మనసులో మెదిలింది. మూలకావ్యాలు నశించి, సంకలనాలలో ఉదాహరించిన పద్యాలుగా మాత్రమే మిగిలిన కవులు అందులో ఎందరు! ఇల్లు కూలినా గడప మిగిలినట్టు. ఈ ఆట మరుగుకు కారణం భాష. మాటల చమత్కారమే ప్రాణమైన కృతి పొరుగు భాషకు తేలికగా లొంగదు.

మూడవది 'క్యాట్‌ట్రాప్'. జపానులో దీని పేరు పిట్‌మన్. 1985లో యుటాకా ఇసొకావా అనే ఆయన ఒక గృహ కంప్యూటరు కోసం రాసిన చిన్న ప్రోగ్రాము దీని మూలం. పత్రికలో అచ్చయిన ప్రోగ్రామును పాఠకులు ఇంట్లో కూర్చొని వరస వరసా టైపు చేసుకునే కాలమది. 1990లో గేమ్ బాయ్ మీదికి వచ్చింది. మొత్తం వంద ఘట్టాలు. పిల్లిచెవుల నాయకుడు నిచ్చెనలు ఎక్కుతాడు, రాళ్ళు నెడతాడు, ఇసుకను తవ్వుతాడు. ఎగరడం మాత్రం రాదు. ఘట్టంలో ఉన్న భూతాలన్నిటినీ తాకితే పూర్తయినట్టు. ఒక్క రాయి తప్పుచోట పడితే దారి మూసుకుపోతుంది. అప్పుడు మొదటినుంచీ ఆడనక్కరలేదు. వేసిన అడుగులన్నిటినీ ఒకటొకటిగా వెనక్కి తీసుకోవచ్చు. రాయి లేచి యథాస్థానానికి పోతుంది, తవ్విన ఇసుక పూడుతుంది. 2008లో 'బ్రెయిడ్' అన్న ఆట కాలాన్ని వెనక్కి తిప్పే ఇటువంటి ఊహనే ఆధారం చేసుకొని విమర్శకుల మన్నన పొందింది. క్యాట్‌ట్రాప్ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఎఱ్ఱసిరాతో దిద్దిన కాగితం కన్నా పలకా బలపమే పిల్లవాణ్ణి నిర్భయుణ్ణి చేస్తాయని ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఆ పలకను ఈ ఆట చేతికిస్తుంది. మరుగుకు కారణం వేషం. పైన పిల్లలాట బొమ్మ, పేరు చూస్తే పిల్లులను పట్టే బోను! లోపల శాస్త్రముందని ఎవరు తెరిచి చూస్తారు?

నాలుగవది 'ట్రిప్ వరల్డ్'. సన్‌సాఫ్ట్ సంస్థ 1992లో జపానులో, 1993లో ఐరోపాలో విడుదల చేసింది. ఆనాడు అమెరికాకు రాలేదు. యకొపూ అనే కుందేలు వంటి జీవి శాంతికి చిహ్నమైన పువ్వును తెచ్చేందుకు బయలుదేరుతుంది. దారిలో కనిపించే ప్రాణుల్లో చాలావాటికి మనతో వైరం లేదు. వాటి మానాన అవి నడుస్తుంటాయి, కొన్ని ఊరికే వెంటవస్తాయి. మనం కొడితేనే కొన్నిటికి కోపం వస్తుంది. కొట్టకుండా చాలాదూరం పోవచ్చు. అయిదే అంకాలు, గంటలోపు ముగించవచ్చు. మా మనుమడు మొదట అలవాటు కొద్దీ ప్రతిదాన్నీ తన్నుకుంటూ పోయాడు. తరువాత ఒకసారి, తన్నకుండా పోతే ఏమవుతుందో చూద్దామన్నాడు. ఏమీ కాలేదు. ఆ 'ఏమీ కాకపోవడం' వాడికి ఎంత నచ్చిందో చెప్పలేను. మరుగుకు కారణం స్వభావం. అంగడిలో గట్టిగా అరిచే సరుకుల మధ్య సాత్వికుడు నిలబడితే అంతే మరి. తక్కువ ప్రతులు అచ్చయ్యాయి కనుక అసలు కార్ట్రిడ్జి ధర సేకర్తల చేతుల్లో ఆకాశానికెక్కింది. 2023లో రంగులద్ది కొత్త యంత్రాలకు మళ్ళీ విడుదల చేశారు. ముప్పై ఏళ్ళకు సాత్వికుడికి సత్కారం!

అయిదవది 'మోల్ మేనియా'. 1996లో వచ్చింది. మారియోను సృష్టించిన షిగెరు మియమొతో దీనికి నిర్మాత. ఇంతటివాడి కృతి కూడా మరుగున పడుతుందా అంటే, పడింది. అదే సంవత్సరం ఆయనదే సూపర్ మారియో 64 వచ్చింది, కొత్త యంత్రం వచ్చింది, పోకెమాన్ వచ్చింది. మూడు ఏనుగుల ఊరేగింపులో నేల తవ్వుకునే జీవిని ఎవరు చూస్తారు? అవును, నాయకుడు నేలలో బొరియలు తవ్వే జీవి. జిన్‌బె అనే రైతు అతని భార్యనూ ఏడుగురు పిల్లలనూ ఎత్తుకుపోతాడు. ప్రతి గదికీ రెండు లోకాలు: నేల పైన ఒకటి, కింద ఒకటి. మెత్తని చోట తవ్వి దిగవచ్చు, కింద నడిచి మరోచోట పైకి రావచ్చు. ఒక ఇనుపగుండును నెట్టి, లాగి, విసిరి ద్వారాన్ని పగలగొట్టాలి. అయితే మనం తవ్విన గుంతే మన గుండును మింగేస్తుంది. ఎక్కడ తవ్వాలో కాదు, ఎక్కడ తవ్వకూడదో ముందుగా ఆలోచించాలి. మరుగుకు కారణం ముహూర్తం.

ఈ ఆట ఆడుతున్నంతసేపూ మా ఇద్దరి మధ్య నడిచిన భాష తెలుగే. నేను పనిగట్టుకొని నేర్పలేదు. మీటలు వాడి చేతిలో, దారి నా బుర్రలో. "పైన కాదు, కింద. ఇటు నెట్టు. లాగు. అక్కడ తవ్వకు, గుంతలో పడుతుంది." పది రోజులయ్యేసరికి వాడే నాకు చెప్పసాగాడు: "తాతయ్యా, అక్కడ తవ్వకు!" వ్యతిరేక విధ్యర్థకాన్ని ఇంత నిర్దుష్టంగా ప్రయోగించిన విద్యార్థికి తరగతిలోనైతే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ నాసిరకమై మరుగున పడలేదు. వర్తకం, భాష, వేషం, స్వభావం, ముహూర్తం... వీటిలో ఏదీ గుణానికి కొలబద్ద కాదు. కాలం జల్లెడ పడుతుంది, గింజ నిలుస్తుంది, పొట్టు పోతుంది అని మనం పిల్లలకు చెబుతూ ఉంటాము. ఆ జల్లెడకు కళ్ళు లేవు. రంధ్రాల వెడల్పును బట్టి జారవిడుస్తుంది, అంతే. నిలిచిందంతా గింజ కాదు, జారిందంతా పొట్టూ కాదు.

జారినవాటిని ఎవరు ఏరుకుంటారు? 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక సర్వే వెలువరించింది. ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో నూటికి 87 వంతులు ఇప్పుడు అంగడిలో కొనడానికి దొరకవని తేల్చింది. గేమ్ బాయ్ ఆటల్లోనైతే దొరికేవి నూటికి ఆరు కూడా లేవు. అదే సంవత్సరం మార్చిలో నింటెండో తన 3డీఎస్ యంత్రపు ఆన్‌లైన్ దుకాణాన్ని మూసివేయడంతో, అందులో కొనుక్కునే వీలున్న పాత ఆటలు మరికొన్ని తలుపుల వెనక్కి వెళ్ళాయి. ఇక అసలు కార్ట్రిడ్జీల్లో, ఆటను ఎక్కడ ఆపామో గుర్తుంచుకునేందుకు చాలావాటిలో నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది ఏళ్ళు గడిచాక అయిపోతుంది. పెట్టె పనిచేస్తూనే ఉంటుంది, జ్ఞాపకం పోతుంది. మనుషుల్లోనూ ఈ వ్యాధిని చూశాము.

కప్పరాజు కథను మాత్రం కొందరు అభిమానులు ఏరుకున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. సంభాషణలన్నిటినీ ఇంగ్లీషులోకి అనువదించి, ఆ ఇరవై గళ్ళ వరుసల్లో ఇమిడేలా కుదించి, 2011లో ఉచితంగా అందించారు. అటువంటి అనువాదాన్ని 'ప్యాచ్' అంటారు; మూలానికి వేసే అతుకు. మేము ఆడింది దాని సాయంతోనే. పంతొమ్మిదేళ్ళ తరువాత కప్ప మాట పొరుగువారికి అర్థమైంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నా సంచిలోని పుస్తకమొకటి వాడి కంటబడింది. మా నాన్నగారు రాసిన శతకం. ఆయనా ఉపాధ్యాయులే. 1963లో తెనాలిలో ఒక చిన్న ముద్రణాలయంలో మూడువందల ప్రతులు అచ్చువేయించుకున్నారు. బంధువులకూ మిత్రులకూ పంచగా మిగిలినవి పాత ఇంటి అటక మీద వానకు తడిసి పోయాయి. ప్రస్తుతం నాకు తెలిసి ఉన్నది ఒక్క ప్రతి. నూట ఎనిమిది పద్యాలు. మహాకావ్యమని నేననను. కాని అందులో పదిహేను ఇరవై పద్యాలు ఏ మంచి శతకం పక్కన పెట్టినా తలవంచుకోవని ఒక తెలుగు పండితుడిగానే చెప్పగలను, కొడుకుగా కాదు.

వాడు పుటలు తిప్పి, ఆ గుండ్రని అక్షరాలను వేలితో తడిమి, ఇది ఎవరు రాశారన్నాడు. "మీ ముత్తాత" అన్నాను. చదవమన్నాడు. రెండు పద్యాలు రాగయుక్తంగా చదివాను. శ్రద్ధగానే విన్నాడు. విని, ఎంతో సహజంగా అడిగాడు:

"తాతయ్యా, దీనికి ప్యాచ్ ఉందా?"

నవ్వు వచ్చింది. ఆ రాత్రి నిద్ర మాత్రం రాలేదు. వాడి ప్రశ్నలో వెటకారం లేదు, నిరాదరణ లేదు. ఒక మంచి వస్తువు తనకు అందని భాషలో ఉంది. అందించేవాడు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అంతే. కప్పకథ ఇంగ్లీషుకు దూరంగా ఉన్నది పంతొమ్మిదేళ్ళు. ఈ శతకం తన వంశానికే దూరం కావడానికి ఒక్క తరం చాలింది.

మన పూర్వులకు ప్యాచ్ అన్న మాట తెలియదు గాని, ఆ పని తెలుసు. ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాంశం అంటూ మూలానికి కిందుగా కుట్టుకుంటూ వచ్చిన వ్యాఖ్యాతలు చేసింది మరేమిటి? మూలం చెక్కుచెదరకూడదు, తెలియనివాడు వెలుపల నిలబడిపోకూడదు. నలభై ఏళ్ళు నేను జీతం తీసుకొని చేసిన పనీ అదే.

ఇంటికి తిరిగివచ్చాక ఆ శతకాన్ని యూనికోడులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పద్యం కింద అన్వయం, దాని కింద తేట తెలుగులో తాత్పర్యం, దాని కింద నాకు చేతనైన ఇంగ్లీషులో నాలుగు వరుసలు. ఇంగ్లీషు తప్పులుంటే దిద్దే బాధ్యత మా మనుమడిది. మొన్నటికి ముప్పై ఒకటో పద్యం పంపాను. అందులో ఊరి చెరువులో కప్పల అరుపుల ప్రస్తావన ఉంది. ఆ కప్పకూ రాజకుమారుడికీ ఏమైనా సంబంధముందా అని ఫోనులో అడిగాడు. లేదన్నాను. ఉంటే బాగుండేదన్నాడు.

డెబ్భై ఏడు పద్యాలు మిగిలి ఉన్నాయి.